కొండల పేర్లలో నీళ్ళు



ధనుర్మాసం పట్టింది. తెల్లారగట్ల గుళ్ళోంచి తిరుప్పావై వినిపిస్తోంది. ముగ్గుల్లో గొబ్బెమ్మలు కూర్చుంటున్నాయి. విశాఖపట్నంలో సగం ఊరు అరకు రైలెక్కుతోంది. మిగతా సగం అర్ధరాత్రి దాటగానే కార్లు తీసి లంబసింగి పొగమంచు చూడ్డానికి పోతోంది. పోనివ్వండి. చలి కావాలనుకున్నవాళ్ళు చలి ఉన్నచోటికే వెళ్ళాలి. నేనివాళ మాట్లాడబోయేది చలి గురించి కాదు. మీ మేడ మీద నిలబడితే నాలుగు దిక్కులా కనిపించే మన కొండల గురించి, ఆ కొండల్లోంచి సముద్రందాకా ఈ రెండు మూడు నెలల్లోనే హాయిగా సాగే నడక గురించి.

ముందు ఒక చిన్న ప్రశ్న. హనుమంతవాక జంక్షన్లో సిగ్నల్ పడక మీరంతా ఏదో ఒకనాడు విసుక్కునే ఉంటారు. హనుమంతుడు సరే, వాక అంటే ఏమిటి? వాక అంటే ఏరు. ఇప్పుడక్కడ పారేది బస్సులూ ఆటోలే. సీతమ్మధారలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళని ధార ఏదండీ అని అడిగితే కార్పొరేషన్ కుళాయి చూపిస్తారు. మాధవధారకి ఆ అవస్థ లేదు, అక్కడ ధార ఇంకా ఉంది. ముడసర్లోవలో లోవ అంటే కొండల నడుమ పల్లం, నీళ్ళు చేరే చోటు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ, జ్ఞానాపురం పక్కన ఇప్పుడు మురికి మోస్తున్న ఎర్రిగెడ్డ, ఇవన్నీ గెడ్డలు. మిగతా తెలుగునాట వాగు అంటారు, మనం గెడ్డ అంటాం. భీమిలి దారి పట్టారా, ఒక కొండ పేరు బావికొండ, దాని పొరుగు కొండ పేరు తొట్లకొండ. ఒకటి బావుల పేరు, ఒకటి తొట్ల పేరు.

కళ్ళెదుట అంత సముద్రం పెట్టుకున్న ఊరు, పేర్లు పెట్టుకునేసరికి ఉప్పునీటిని వదిలేసి మంచినీటినే తలుచుకుంది. ఎందుకో కొండలో నడిచిన మనిషికి గంటలో తెలిసిపోతుంది. నీళ్ళ సీసా సగమయ్యేసరికి ఆ పేర్ల విలువ అర్థమవుతుంది. ఈ పేర్లే నడిచేవాడికి పటం. ఆ పటం చదవడానికి వీలైన కాలం శీతాకాలమే.

నేనేమీ పేరున్న పర్వతారోహకుణ్ణి కాదు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి. సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చాక నిద్ర పట్టేది కాదు. ఆ నిద్ర పట్టని పొద్దుల్లో మొదలైన అలవాటు ఇది. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.

శీతాకాలమే ఎందుకంటే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ తర్వాత డిసెంబరు దాకా ఈశాన్య వానలూ తుఫాన్లూ. ఆ నీళ్ళన్నీ కొండ తాగుతుంది. మన కొండలది ఖోండలైటు రాయి. ఒడిశాలోనూ మన ఏజెన్సీలోనూ ఉండే ఖోండుల పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాయికి పేరు పెట్టారు. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ ఎండకీ వానకీ పుచ్చుతుంది. పుచ్చిన పగుళ్ళలోకి నీరు దిగి, నెమ్మదిగా అడుగున ఊటగా పైకొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ధారలు ఇంకా తేటగా ఉంటాయి. ఫిబ్రవరి దాటితే సన్నబడతాయి. ఏప్రిల్లో వెళ్ళారంటే రాతి మీద తడి మరక కనిపిస్తుంది, అంతే. పైగా ఇప్పుడు పగటి వేడి 28 డిగ్రీల దగ్గర ఆగుతుంది, తెల్లవారుజామున 17, 18కి దిగుతుంది. స్వెట్టరు వేసుకుని బయల్దేరి, అరగంటలో దాన్ని నడుముకి కట్టుకునే చలి మనది.

అయితే మంచు లేదు కదా అని మన కొండల్ని తేలిగ్గా తీసుకోకండి. పుచ్చిన ఖోండలైటు పెచ్చులు వాలు మీద బఠాణీల్లా కాలికింద దొర్లుతాయి. ఎక్కేటప్పుడు పట్టించుకోం. దిగేటప్పుడు మోకాళ్ళు చెబుతాయి. దానికన్నా పెద్ద ప్రమాదం పొద్దు. మన దేశపు గడియారానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖ. అది కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. విశాఖ దానికి ఇంకా తూర్పున ఉంది. అంచేత డిసెంబరు మొదటి వారంలో మనకి సాయంత్రం 5.20కే సూర్యాస్తమయం. అదైనా సముద్రం మీద కాదు. మన సూర్యుడు సముద్రంలో పుట్టి కొండల వెనక గుంకుతాడు. కొండకి సముద్రంవైపు వాలు మీద ఉన్నవాడికి నాలుగున్నరకే నీడ కమ్ముతుంది. ఆకాశంలో వెలుగుంటుంది, కాలికింద ఉండదు. ఈ సంగతి తెలియక నేను పడ్డ పాట్లు కాసేపట్లో చెబుతాను.

ఎప్పుడూ నడవనివాళ్ళు మాధవధారతో మొదలుపెట్టండి. మాధవస్వామి గుడి దగ్గర్నుంచి మెట్లు కొండ మీదుగా సింహాచలం అప్పన్న గుడికి పోతాయి. బస్సులూ ఘాట్ రోడ్డూ లేని రోజుల్లో పట్నంవైపు నుంచి అప్పన్నని చూడబోయేవాళ్ళకి ఇదొక దారి. మెట్లున్నాయి కాబట్టి దారి తప్పే భయం లేదు. మెట్లున్నాయి కాబట్టే ఆయాసమూ ఎక్కువే. మెట్టు మనిషిని తన కొలతకి నడిపిస్తుంది, మట్టి దారి మన కొలతకి తను నడుస్తుంది. చెమట పట్టాక ధార దగ్గర ఆగి ముఖం కడుక్కోవడంలో ఉన్న సుఖం నేను చెబితే చాలదు. అవతలికి చేరితే గంగధార. మన జనం అక్కడ తలారా స్నానం చేసి స్వామి దగ్గరికి వెళతారు. 11వ శతాబ్దం చివరి నాటి కులోత్తుంగ చోళుడి కాలపు శాసనం ఆ గుళ్ళో ఉంది. అంటే కనీసం 900 ఏళ్ళ పైబడి జనం ఈ కొండ ఎక్కుతున్నారు. ట్రెక్కింగు అనే మాట నిన్నగాక మొన్న వచ్చింది. ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లు ఈ కొండ చుట్టూ నడుస్తారు. వాళ్ళలో ఎవరినైనా మీరు హైకర్లా అని అడిగి చూడండి, ఏం చెబుతారో.

ఆ కొండ మీద సంపెంగలు, జీడిమామిళ్ళు, పనసలు, అనాస తోటలు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది శీతాకాలంలో నేను అటు వెళ్ళాను. 2014 అక్టోబరు 12న గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి మన ఊరి మీంచే ఒడ్డెక్కింది కదా. డిసెంబరుకి కొండ కొండంతా బోడిగా, కాలినట్టు గోధుమరంగులో ఉంది. మెట్లకి అడ్డంగా పడ్డ మానుల్ని ఇంకా పూర్తిగా తియ్యలేదు. కానీ ధార మాత్రం పారుతూనే ఉంది. చెట్టు నీడ లేకపోయేసరికి ఆ నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి, అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. ఆ మొండి మానులకి రెండో ఏడుకి పిలకలొచ్చాయి.

కంబాలకొండ సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉండిన అడవి, 2002లో అభయారణ్యమైంది. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. జాతీయ రహదారిని ఆనుకుని, లక్షల జనం పక్కన, చిరుతపులులున్న అడవి ఇది. టికెట్టు కొనుక్కుని, అటవీశాఖ చూపించిన దారిలో, వాళ్ళు పంపిన మనిషితోనే వెళ్ళాలి. అక్కడ గెడ్డ ఒడ్డున తడి మట్టి కనిపిస్తే ఒక్క నిమిషం వంగి చూడండి. రాత్రి నీళ్ళకొచ్చినవాళ్ళంతా అక్కడ సంతకాలు పెట్టి పోతారు. లేడి గిట్టలు, ముళ్ళపంది అడుగులు, అదృష్టముంటే గోరు గుర్తు లేని గుండ్రటి పంజా. పిల్లిజాతి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, కుక్క అడుగులో గోళ్ళు కనిపిస్తాయి. ఆ ఒక్క తేడా తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం ఉండనివ్వండి, అవసరమే.

ఇప్పుడు నాకు ఇష్టమైన కొండకి వస్తున్నాను. తొట్లకొండ ఎత్తు 128 మీటర్లే. కార్లు పైదాకా పోతాయి. అయినా కింద బీచ్ రోడ్డు మీద దిగి నడిచే ఎక్కండి, బతిమాలుకుంటున్నాను. నడిచి, దాహం వేసి, పైకి చేరాక ఆ తొట్లు చూస్తే ఒకలా ఉంటుంది. కారు దిగి చూస్తే గొయ్యిలా ఉంటుంది.

1976లో నౌకాదళం విమానం మీంచి సర్వే చేస్తుండగా ఈ కొండ మీద కట్టడాల జాడ కంటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, చైత్యాలు, విహారాల గదులు, భిక్షువులు కలిసి భోంచేసే సాల, అన్నీ బయటపడ్డాయి. వాటితోపాటు కొండరాతిలోనే తొలిచిన నీటి తొట్లు. లెక్కకి పదకొండు. సుమారు 2000 ఏళ్ళ కిందట ఉలి పట్టినవాడు కొండ వాలు చూసుకుని, వాన నీరు ఎటు జారుతుందో చూసుకుని, అక్కడ రాతిని తొలిచాడు. ఈ కొండ నెత్తిన బావి తవ్వితే నీళ్ళు పడవు. నీరు పైనుంచే రావాలి, వచ్చినప్పుడే పట్టుకోవాలి. ఇవాళ మనం అపార్టుమెంట్లలో ఇంకుడు గుంతలని కాగితాల మీద గీసి అనుమతులు తెచ్చుకుంటున్నాం. వాళ్ళు గీసింది రాతి మీద.

బౌద్ధ భిక్షువులకి ఒక నియమం. వానాకాలం మూడు నెలలు ఊళ్ళు తిరగకూడదు, ఒక్కచోటే ఉండాలి. దాన్ని వర్షావాసం అంటారు. ఆ మూడు నెలల్లోనే తొట్లు నిండుతాయి. తొట్లు నిండి వాన వెలిశాక గాలి మారుతుంది. కార్తీకం నాటికి ఈశాన్యం గాలి స్థిరపడుతుంది. తెరచాప ఓడల కాలంలో కళింగ తీరం నుంచి దక్షిణానికీ, సింహళానికీ, తూర్పు దీవులకీ బయల్దేరే అదను అదే. ఒడిశాలో కటకం ఊళ్ళో కార్తీక పౌర్ణమికి జరిగే బాలియాత్ర ఆ ప్రయాణాల జ్ఞాపకమే. మనం వనభోజనాలకి పోయే రోజుల్లో వాళ్ళు ఓడలెక్కేవారన్న మాట. తొట్లకొండ తవ్వకాల్లో తొమ్మిది శాతవాహనుల సీసపు నాణేలు, ఐదు రోము వెండి నాణేలు దొరికాయి. భిక్షువు డబ్బు ముట్టకూడదు. మరి ఈ నాణేలు ఎవరు తెచ్చినట్టు? ఓడ దిగినవాడో, ఓడ ఎక్కబోయేవాడో ఈ కొండెక్కి దణ్ణం పెట్టుకుని పోయి ఉంటాడని నా ఊహ. అతనికీ పైకొచ్చేసరికి దాహం వేసే ఉంటుంది.

జనవరి పొద్దున్న ఏడింటికి ఆ స్తూపం దగ్గర నిలబడితే ఎడమచేతివైపు భీమిలి కొండ, కుడిచేతివైపు రుషికొండ, వాటి వెనక పొగమంచులో రేవుకి వరసకట్టి లంగరేసుకున్న ఓడలు. గాలి చెవుల్లో మోగుతుంది. కింద రోడ్డు చప్పుడు పైకి రాదు.

కొండ దిగితే మంగమారిపేట. ఒడ్డున రాళ్ళలో సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. అక్కడికి పాటు వేళలోనే పోవాలి. పోటుకీ పాటుకీ మన తీరంలో తేడా మహా అయితే మీటరున్నర. కెనడాలో ఫండీ అఖాతమని ఉంది, అక్కడ ఆ తేడా 16 మీటర్ల దాకా పోతుంది. అక్కడ తీరం వెంట నడిచేవాడు పంచాంగం చూసినట్టు పోటు వేళలు చూసుకోకపోతే కొండచరియకీ నీటికీ మధ్య ఇరుక్కుంటాడు. మనకా గండం లేదు. మన గండం అల. తోరణం కింద రాళ్ళు నాచుతో నున్నగా ఉంటాయి. ఆరు అలలు మెత్తగా వచ్చి ఏడోది నడుము దాకా వస్తుంది. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి. యారాడలో గానీ ఆర్కే బీచిలో గానీ అలా పోయిన పిల్లల వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం.

పల్లెలోంచి నడిచేటప్పుడు వలలు ఆరేసిన ఇసుక మీద కాలు పెట్టకండి. అది వాళ్ళ పనిచేసే చోటు. ఒడ్డున ఇసుకలో నల్లటి, ముదురెరుపు చారలు కనిపిస్తాయి. అది చమురు కాదు, మురికీ కాదు. ఖోండలైటు అరిగి, అందులో ఉండిన గార్నెట్టూ కొండల నుంచి గెడ్డలు తెచ్చిన ఇల్మనైటూ బరువుకి అక్కడ పేరుకున్నాయి. కొండ సముద్రంలోకి ఎలా నడిచి వెళ్ళిందో ఆ చారలు చెబుతాయి. జనవరి దాటాక ఇసుక మీద రెండువైపులా తెడ్లతో గీకినట్టు జాడ కనిపిస్తే అక్కడే ఆగండి. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిన దారి అది. ఒక్కో గూట్లో సుమారు వంద గుడ్లుంటాయి. తవ్వకండి, తొక్కకండి, అటవీశాఖవాళ్ళకి కబురు చెయ్యండి. వాళ్ళు ఆ గుడ్లని కంచె వేసిన చోటికి చేర్చి పొదిగిస్తారు.

ఈ ఒడ్డునే ఒక వింత ఉంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుకలో చెలమ తీస్తే తాగే నీరు ఊరుతుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు నిలిచి ఉందంటే, కింద సుమారు నలభై మీటర్ల లోతు దాకా ఉప్పునీటిని అది నెట్టి ఉంచుతుంది. అంటే పైన మనం బోర్లు వేసి ఒక మీటరు తోడేస్తే, కిందినుంచి నలభై మీటర్లు ఉప్పు పైకొస్తుంది. నడకలో ఈ లెక్క ఎందుకంటారా? తర్వాత వచ్చే ఎర్రమట్టి దిబ్బల్ని చూసేటప్పుడు మీకిది గుర్తుండాలి.

ఎర్రమట్టి దిబ్బలు అందరూ చూసినవే, పెళ్ళి ఫోటోలకి ముందు ఫోటోలు తీసుకునేవాళ్ళ పుణ్యమా అని. మంచుయుగపు చివర, ఓ పద్దెనిమిది వేల ఏళ్ళ కిందట, సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. ఒడ్డు ఎక్కడో దూరంగా ఉండేది. బయటపడ్డ ఇసుకని గాలి తెచ్చి ఇక్కడ పోసింది. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. మా ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం బైలదిల్లా నుంచి రావాలి, ఈ ఇనుము పనికిరాదు. పోనీలెండి, లేకపోతే ఇవి మిగిలేవి కావు. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర దిబ్బలు తమిళనాడు తేరి నేలల్లోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. అయితే నాకు ఇవి అందమైన దిబ్బలకన్నా ముందు నీళ్ళ తొట్లు. ఇంత ఇసుక వాన నీటిని పీల్చి పట్టుకోబట్టే చుట్టుపక్కల బావుల్లో మంచినీరుంది. దిబ్బని చదును చేసినవాడు తొట్టిని బద్దలుకొడుతున్నాడు.

ఇందాక చెబుతానన్న నా అవస్థ ఇక్కడిదే. తొంభైల్లో ఒక డిసెంబరు. నేనూ, మా డిపార్టుమెంటు మిత్రులిద్దరూ. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరాం, అది మొదటి తప్పు. ముగ్గురికీ కలిపి ఒకటే సీసా, అది రెండో తప్పు. దిబ్బల మొదట్లో మేకలు తోలుకొస్తున్న ఓ పెద్దావిడ ఎదురైంది.

"ఏటి బాబూ, ఈ యేళప్పుడు లోపలికెల్తన్నారు?"

"ఇలా చూసి వచ్చేస్తాం పెద్దమ్మా."

"సీకటడిపోతే పైకెక్కకండి. అడుగునే ఉండండి. ఇసక మీద నీరు గీసిన గీతలుంటాయి, అయ్యెటు సూత్తే అటెల్లండి, రోడ్డు తగుల్తాది."

మేం నవ్వుకున్నాం. లోపల దారులు గోడల మధ్య సందుల్లా ఉంటాయి. ఒక సందు రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అన్నీ ఒకేలా ఎర్రగా ఉంటాయి. నాలుగింటికి వెనక్కి తిరిగాం. పావు గంటకి, ఇందాక చూసిన తాటిచెట్టు మళ్ళీ ఎదురైంది. ఇంకో పావు గంటకి మళ్ళీ అదే చెట్టు. మా వాడు, "గురూ, గట్టెక్కితే రోడ్డు కనిపిస్తుంది" అని గోడకి ఎగబాకాడు. అంచు విరిగి మనిషెత్తు నుంచి ఇసుకతోపాటు జారాడు. చీలమండ బెణికింది. వెలుగు పోయింది. మంచినీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. సముద్రం హోరు వినిపిస్తోంది, కానీ గోడల మధ్య అది నాలుగువైపుల నుంచీ వినిపిస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దావిడ మాట. అగ్గిపుల్ల గీసి కింద చూశాం. నిజమే, గీతలున్నాయి. కార్తీకంలో పడ్డ వానకి పారిన నీరు సన్నని జడలల్లినట్టు ఇసుకని దువ్వి పోయింది. జడ మొన ఎటుందో అటు నడిచాం. రెండు సందులు కలిసినచోట అగ్గిపుల్ల, మళ్ళీ గీత, మళ్ళీ నడక. మిత్రుణ్ణి చెరో రెక్కా పట్టుకుని ఇరవై నిమిషాలు నడిచామో లేదో, భీమిలి బస్సు హారను వినిపించింది. ఈ దిబ్బల్లో ప్రతి సందూ నీరు కోసిందే, ప్రతి నీరూ సముద్రానికి పోయేదే. మధ్యలో రోడ్డు తగలక ఎక్కడికి పోతుంది? ఇంజనీర్లం ముగ్గురం, మాకు తట్టలేదు. రోడ్డు పక్క కొట్టువాడు కడవలో నీళ్ళు ఇచ్చాడు. ఆ నీళ్ళు ఎక్కడివని అడిగితే, ఇక్కడి బావివేనన్నాడు.

భీమిలి దగ్గర నడక ఆగుతుంది. అక్కడ గోస్తని సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి, ఇంత దూరం వచ్చిన నీరది. అరకు రైల్లో పోయినవాళ్ళు దాన్ని ఆ చివర చూస్తారు, మనం ఈ చివర చూస్తాం.

ఊరికి దక్షిణాన ఉన్న కొండల గురించి చెప్పకపోతే రేవువాళ్ళూ మా ఉక్కువాళ్ళూ ఊరుకోరు. డాల్ఫిన్ నోస్ నౌకాదళం చేతిలో ఉంది. అనుమతి ఉన్నచోటికే, అనుమతి ఉన్నప్పుడే వెళ్ళాలి, వాదనకి దిగకండి. కానీ రేవు దగ్గర నిలబడి ఆ కొండని చూస్తే చాలు, ఈ ఊరు ఇక్కడెందుకుందో తెలుస్తుంది. దక్షిణపు గాలినీ కెరటాన్నీ కొండ ఆపింది. దాని చాటున గెడ్డలు వచ్చి కలిసే ఉప్పుటేరు చిత్తడిని తవ్వి లోపలి రేవు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదట లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవుని లాంఛనంగా ప్రారంభించాడు. రేవు నోట్లో ఇసుక పూడకుండా, కెరటం కొట్టకుండా రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచేశారు కూడా. కొండ అవతల యారాడ, ఇంకా దక్షిణాన గంగవరం, ఆపైన ఉక్కు కర్మాగారం వెనక అప్పికొండ, ఒడ్డున సోమేశ్వరస్వామి గుడి. అప్పికొండ ఇసుకలో పొద్దున్నే నడిస్తే ఒకవైపు అలలు, ఒకవైపు మా చిమ్నీలు.

ఆ చిమ్నీల కింద ఫర్నేసులు చల్లబడాలంటే నీళ్ళు కావాలి. వాటి కోసం ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలవ తవ్వారు. ఉద్యోగంలో ఉండగా నేను రోజుకెన్నిసార్లు కుళాయి తిప్పానో లెక్కలేదు, ఆ కాలవ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. తొట్లకొండ మీద దాహం వేసిన రోజున ఆలోచించాను.

ఇక బయల్దేరేవాళ్ళకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ధారలున్నాయి కదా అని ఖాళీ సీసాతో రాకండి. ఇవాళ్టి ధారకి పైన ఎవరి ఇల్లుందో, ఏ మురుగు కలుస్తోందో మనకి తెలీదు. ముఖం కడుక్కోండి, తాగేది ఇంటి నుంచే తెచ్చుకోండి. పట్టు ఉన్న బూట్లు, ఒక టార్చి, ఒక ఈల. పొద్దున్న ఆరున్నరకి మొదటి అడుగు పడాలి. ఎక్కడున్నా సరే, మధ్యాహ్నం మూడింటికి వెనక్కి తిరగాలి. శిఖరం యాభై అడుగుల్లో ఉన్నా సరే. రేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో విన్నా, అది ఒకటో నంబరే అయినా, ఆ రోజు ఒడ్డుకి పోకండి. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండగానే ఎక్కడో వాయుగుండం పుట్టి కెరటం ముందొస్తుంది. తిన్న పులిహోర పొట్లాల కవర్లు మీ సంచిలోనే వెనక్కి రావాలి. తొట్లకొండ తొట్లలో కుర్‌కురే ప్యాకెట్లు తేలడం నా కళ్ళతో చూశాను. తొలిచినవాడు చూడకుండా పోవడమే నయం.

చివరగా శ్రోతలకి ఒక పని అప్పగిస్తాను. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్ళుంటే, ఇవాళ సాయంత్రమే కూర్చోబెట్టి అడగండి. మీ వీధికి ఎగువన ఏ గెడ్డ ఉండేది, దాని పేరేమిటి, ఎటు పారి ఎక్కడ కలిసేది? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఆదివారం పొద్దున్నే ఆ పేరు పట్టుకుని కొండవైపు నడిచి చూడండి.